హెచ్చరికలు చివర్న

జూన్ 3, సోమవారం

ఈ రోజు మా ఆఫీసులో రెండు గంటల నలభై నిమిషాలపాటు మన భాష భవిష్యత్తు తేల్చారు. బల్ల చుట్టూ కూర్చున్న తొమ్మిది మందిలో ఈ భాషలో తప్పుల్లేకుండా ఒక ఉత్తరం రాయగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. అందుకే కాబోలు, నన్ను చిట్టచివర అడిగారు.

సంగతి చిన్నదే. కంపెనీ ఒక ఆవిరి పెట్టె తయారుచేసింది. ఉబ్బసం, ఆగని దగ్గు ఉన్నవాళ్లు ఇంట్లో పెట్టుకుని మందు ఆవిరి పీల్చుకోవడానికి. దానికి అరచేతిలో సగమంత తెర. ఆ తెర మీద వచ్చే రెండొందల పద్నాలుగు వాక్యాలు మన భాషలోకి రావాలి. ఇది కుదిరిన పద్ధతిలోనే మిగతా సరుకంతా చేస్తారట. ఎలా తేవాలన్నదే ప్రశ్న.

మేనేజరుకి నేను పెట్టుకున్న పేరు గ్రాఫుల దొర. గీత పైకి పోతే ఆయన ముఖం వెలుగుతుంది. కిందికి దిగితే మనమే పట్టుకుని లాగినట్టు చూస్తాడు. ఆయన పద్ధతి, అంతా మరకి అప్పగించడం. ఒక్క మీట నొక్కితే నలభై భాషలు రాలతాయట. నమూనా కూడా చూపించి అరచేతిలో వైకుంఠం పెట్టాడు. చదివాను. ఆ నమూనాలో పెట్టే రోగిని పీల్చేస్తోంది. అదేమీ పట్టనట్టు మిగతావాళ్లు తలలూపారు.

రెండో పద్ధతి కొత్తమ్మాయిది. ఏడాదిగా నా కింద కాంట్రాక్టు మీద పనిచేస్తోంది. నేను రాసినది సరిచూసి పైకి పంపడం ఆమె పని. "పెట్టె ముందు కూర్చుని, ఒక్కో తెరా చూసుకుంటూ రాద్దామండీ. వాడేవాళ్ల ఇళ్లకి కూడా వెళ్లి చూద్దాం," అంది. అనువాదకుడు ఇంటింటికీ తిరగాలట, కూరగాయలు అమ్ముకునేవాడిలా.

మూడోది నాది. వాక్యాలు పట్టికగా ఇవ్వండి, పక్క వరసలో రాసిస్తాను. మందు సీసాల డబ్బాల్లో మడిచి పెట్టే కాగితాలు, కుక్కర్ల పుస్తకాలు, ఇస్త్రీపెట్టెల పుస్తకాలు ఇరవై రెండేళ్లుగా అలాగే రాశాను. వాటిలో ఒక్క కుక్కరునీ నేను చూడలేదు. ఒక్కటీ పేలలేదు.

చివరికి దొర నా పద్ధతికే ఒప్పుకున్నాడు. పది ఇళ్లలో ట్రయల్. బాగా జరిగితే అనువాద విభాగం నా కిందే ఉంటుంది, కొత్తమ్మాయిని పర్మనెంటు చేస్తారు. లేకపోతే మర.

జూన్ 4, మంగళవారం

పట్టిక వచ్చింది. పంపినవాడు ఇంజనీరు. చెవుల మీద హెడ్‌ఫోన్లు లేకుండా అతన్ని కన్నతల్లి కూడా గుర్తుపట్టదు కాబట్టి హెడ్‌ఫోను అనే రాస్తాను.

ప్రతి వాక్యానికీ ఎడమ పక్క అంకెలూ అక్షరాలూ కలగలిపిన ఏవో గుర్తులు, చీమల బారులా. భాష మధ్యలో ఈ చెత్త ఏమిటి? ఆ వరస మొత్తం తీసిపారేసి పని మొదలుపెట్టాను. కళ్లకి ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

అసలు రాసినవాడికి మర్యాద తెలియదు. పనికీ పనికీ మధ్య హెచ్చరిక దూరుస్తాడు. ఇది చెయ్యి, జాగ్రత్త, అది చెయ్యి, మళ్లీ జాగ్రత్త. చదివేవాడు బెదిరి పారిపోడూ? నా పద్ధతి నాకుంది. పని చెప్పే వాక్యాలు చిన్నవి, అవి ముందు. హెచ్చరికలు పొడుగైనవి, అవి చివర్న. మందు కాగితాల్లో ఎప్పుడూ అంతే చేశాను. ఇక్కడా ఒక్కో గుంపు అలాగే సర్దుకుంటూ వస్తున్నాను.

జూన్ 6, గురువారం

మా ఆవిడ ఫోనులో పరాయి భాష పెట్టుకుందని ఈ రోజే తెలిసింది. ఇరవై ఆరేళ్ల కాపురం.

"మన భాషలో పెట్టుకోవచ్చుగా," అన్నాను.

"పెట్టుకున్నానండీ. రెండు రోజులు అక్కకి ఫోను చెయ్యలేకపోయాను."

"ఎందుకని?"

"ఏం నొక్కాలో మిమ్మల్నడిగి తెలుసుకోవాలి. మీరేమో ఆఫీసులో ఉంటారు."

ఆ ఫోనుకి రాసింది నేను కాదని చెప్పాను.

"మీలాంటాయనే ఎవరో రాసుంటారు," అని గిన్నెలు సర్దుకోసాగింది.

జూన్ 7, శుక్రవారం

నూట ముప్ఫై అయ్యాయి. హెడ్‌ఫోను నా గదిలోకి వచ్చి, పెట్టె కావాలంటే పై అంతస్తులో ఒకటి ఉంది, చూసుకోమన్నాడు. వద్దన్నాను. తూకం రాళ్లు చూపిస్తేగానీ బరువు చెప్పలేనంత కొత్తవాణ్ణి కాను.

జూన్ 11, మంగళవారం

కొత్తమ్మాయి నా బల్ల పక్కన నిలబడి గోళ్లు గిల్లుకుంటోంది. ఏదో అడగబోతోందని అప్పుడే తెలిసింది.

"సార్, వరస మారిందేమో అనిపిస్తోంది. ఏ వాక్యం ఎప్పుడు రావాలో పెట్టెకి చెప్పే ఎడమ పక్క గుర్తులు కూడా లేవు. ఒక్కసారి పెట్టె మీద పెట్టి చూద్దామా? ఒక్క రోజు చాలు."

"నువ్వు అక్షరదోషాలు చూడమ్మా. వరస సంగతి నాకొదిలెయ్."

"అది కాదు సార్. ఆ తెర మీద ఒకసారికి ఒక్క వాక్యమే వస్తుందంట. మీట నొక్కితేనే తర్వాతది. కాగితంలా అన్నీ ఒక్కసారి కనపడవు."

"కాగితమైనా తెరైనా చదివేది కళ్లతోనే కదా."

నవ్వించడానికే అన్నాను. నవ్వలేదు. ఈ కాలం పిల్లలకి అన్నీ ఉన్నాయి, హాస్యం తప్ప. గడువుకి ముందే ఇచ్చి దొర నోరు మూయించాలని నేను చూస్తుంటే ఈవిడకి ఇంకో రోజు కావాలట.

జూన్ 13, గురువారం

పంపేశాం. రెండొందల పద్నాలుగు వాక్యాలు, గడువుకి రెండు రోజుల ముందు. కొత్తమ్మాయి కొత్తగా గుర్తులు వేసి హెడ్‌ఫోనుకి ఇచ్చింది. నేను ఇచ్చిన వరసలోనే, ఒక్కటీ కదపకుండా. మాట వింటుంది, ఆ ఒక్కటీ మెచ్చుకోవాలి.

జూన్ 20, గురువారం

పదిళ్లలోనూ పెట్టెలు పెట్టి ఐదు రోజులైంది. ఒక్క ఫిర్యాదు లేదు. దొర అందరి ముందూ నా గీత చూపించాడు. పైకే పోతోంది. కొత్తమ్మాయి పర్మనెంటు కాగితాలు సిద్ధం చేయమని కూడా చెప్పాడు. ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఇంటికి వెళ్లేటప్పుడు నాకు నమస్కారం పెట్టింది. నా పుణ్యమే అని ఆమెకీ తెలుసన్నమాట.

మరని నమ్ముకున్నవాళ్ల ముఖాలు చూడాల్సింది. కాఫీ తాగుతూ ఒక్కొక్కడి దగ్గరికీ వెళ్లి మరీ చూశాను.

జూన్ 24, సోమవారం

ట్రయల్ ఇళ్లలో ఒక మామ్మగారి చెయ్యి కాలింది. కుడిచెయ్యి. తెర మీద "మూత తీయండి" అని వచ్చిందట, తీసింది. లోపలి ఆవిరంతా చేతి మీదికి కొట్టింది. తర్వాత ఆమె కోడలు మీట నొక్కి చూస్తే అప్పుడొచ్చిందట తర్వాతి వాక్యం: "ఆవిరి పూర్తిగా ఆగేదాకా మూత ముట్టుకోవద్దు."

మీటింగు. హెడ్‌ఫోను మొదటిసారిగా చెవులు ఖాళీ చేసుకుని వచ్చాడు. "నాకు ఏ వరసలో ఇచ్చారో ఆ వరసలోనే ఎక్కించాను," అన్నాడు.

ఎవరు చేశారన్నది ముఖ్యం కాదంటూనే దొర కొత్తమ్మాయి వైపు తిరిగాడు. "గుర్తులు వేసింది నువ్వే కదా?"

"నేనే సార్. నాకొచ్చిన వరసలోనే వేశాను," అని ఆమె నా వైపు చూసింది.

నేను నోటుపుస్తకంలో ఏదో రాసుకుంటున్నాను. ఇప్పుడు తీసి చూస్తే ఈ రోజు తేదీ ఉంది. నాలుగుసార్లు.

"మీరేమంటారు?" అని దొర నన్ను అడిగాడు.

"పరిశీలించాలి," అన్నాను.

జూన్ 25, మంగళవారం

మిగతా తొమ్మిది ఇళ్లకీ ఫోన్లు చేశారు. ఎవరికీ ఏమీ కాలేదు. వాళ్లెవరూ తెర చదవరట. పెట్టె మీద ఎర్ర దీపం ఆరితే మూత తీస్తారట. అంటే నేను రాసినది చదవనివాళ్లంతా క్షేమంగా ఉన్నారు.

వరస మార్చింది కొత్తమ్మాయే అయి ఉండాలి. గుర్తులు వేసేటప్పుడు కలగాపులగం చేసి ఉంటుంది.

జూన్ 26, బుధవారం

వరస మార్చింది కొత్తమ్మాయే.

జూన్ 27, గురువారం

నేను ఆమెకి పంపిన ఫైలు నా కంప్యూటర్లోనే ఉంది. తెరవలేదు. తెరవాల్సిన అవసరం లేదు. ఇరవై రెండేళ్ల అనుభవం ఉన్నవాడు తన పనిని తనే అనుమానించుకుంటే ఇక ఎవరు నమ్ముతారు?

"కంచం ముందు కూర్చుని ఏమిటండీ ఆ చూపు?" అంది మా ఆవిడ.

"ఆఫీసులో ఒకమ్మాయి తప్పు చేసింది."

"ఆ అమ్మాయి తప్పు చేస్తే మీకెందుకు ముద్ద దిగట్లేదు?"

ఆవిడకి ఆఫీసు సంగతులు చెప్పకూడదని ఎన్నిసార్లు అనుకున్నానో.

జూన్ 28, శుక్రవారం

తెరిచాను.

జూన్ 29, శనివారం

నేనే.

ఆ గుంపులో ఐదు వాక్యాలు. అసలు రాసినవాడు హెచ్చరికని నాలుగో చోట పెట్టాడు, మూత తీయమన్నది ఐదో చోట. నేను హెచ్చరికని కిందికి తోశాను. ఒక్క ఆ గుంపులోనే కాదు, హెచ్చరిక ఉన్న ప్రతి గుంపులోనూ తోశాను. ఎంత చక్కగా సర్దానో అందరికీ కనపడాలని కదిపిన ప్రతిదానికీ పసుపు రంగు కూడా వేశాను. ఫైలంతా పసుపే.

సర్దడం వేరు, మార్చడం వేరు అని నిన్న సాయంత్రమంతా నాతో నేనే వాదించుకున్నాను. చాలా బాగా వాదించాను. ఎదుటివాడు నేనే కాకపోతే నెగ్గేవాణ్ణి.

ఈ డైరీ కూడా తిరగేశాను. "నేను ఇచ్చిన వరసలోనే, ఒక్కటీ కదపకుండా" అని నా చేత్తో నేనే రాసి ఉంది. అది రాసిన పన్నెండు రోజులకి, కలగాపులగం చేసి ఉంటుందని అదే పెన్నుతో రాశాను. లోకంలో అందరూ తెలివితక్కువవాళ్లే అని లెక్కపెట్టుకుంటూ వచ్చినవాడు ఒక్కణ్ణి వదిలేశాడు. సిగ్గుగా ఉంది.

జూలై 1, సోమవారం

కొత్తమ్మాయిని తీసేశారు. కారణం అని ఉన్న చోట "ఫైలు వరస తప్పించినందుకు" అని రాశారు. ఆ కాగితం తెచ్చి నా బల్ల మీద పెట్టింది.

"సార్, మీరు పంపిన ఫైలు నా దగ్గరుంది."

ఆ కాగితం బోర్లించాను. "మరి చూపించలేదేం?"

"చూపించాను. మేనేజరు గారు సరిగ్గా చూడను కూడా లేదు. పెద్దాయన అలా చెయ్యరు, చేసినా చూసుకోవాల్సింది నువ్వే అన్నారు." కాగితం మళ్లీ తిప్పి నా వైపు జరిపింది. "మీరొక్క మాట చెబితే వింటారు సార్. ఈ కాగితం పట్టుకుని వెళ్తే నాకింకెక్కడా పని ఇవ్వరు."

"చూద్దాం," అన్నాను.

కాగితం మడిచి సంచీలో పెట్టుకుంది. "ఆ రోజు నేనే ఇంకొంచెం గట్టిగా అడగాల్సింది," అని వెళ్లిపోయింది.

తిట్టి ఉంటే బాగుండేది. తిట్టేవాళ్లని ఎలా తీసిపారెయ్యాలో నాకు బాగా వచ్చు.

జూలై 2, మంగళవారం

దొర నన్ను మామ్మగారింటికి పంపాడు. ఒక క్షమాపణ ఉత్తరం, ఒక పళ్ల బుట్ట. భాష బాగా వచ్చినవాళ్లు వెళ్తే గౌరవంగా ఉంటుందట.

మూడో అంతస్తులో రెండు గదులు. గుమ్మం పక్కన కిటికీ వెలుగులో కుట్టుమిషను, దాని మీద దుప్పటి కప్పి ఉంది. ఆమె బట్టలు కుడుతుంది. కుడిచేతికి వేళ్ల కొసల నుంచి మణికట్టు దాకా కట్టు. దారం ఎక్కించడానికి ఇంకా రెండు నెలలు పడుతుందన్నారట డాక్టరు. పెట్టె బల్ల మీదే ఉంది, పక్కన భూతద్దం.

"ఆ అక్షరాలు నాకు ఆనవు బాబూ. అందుకని ఈ అద్దం పెట్టుకుని ఒక్కో ముక్కా చదువుకుని చేసేదాన్ని," అంది. "దీపం ఆరితే తీసెయ్యి, అవన్నీ చదవడమెందుకని మా కోడలు ఒకటే గోల. రాసినవాళ్లు ఊరికే రాస్తారా, ఏదో మన మంచికే కదా అని నేనే వినలేదు."

నేను బుట్ట ఎక్కడ పెట్టాలో చూస్తున్నట్టు నటించాను.

"మధ్యలో ఏ ముక్కో దాటేసుంటాను. నా కళ్లదే తప్పు. మీ ఆఫీసులో ఎవర్నీ ఏమీ అనకండి బాబూ."

ఇరవై రెండేళ్లుగా రాస్తున్నాను. నేను రాసిన ప్రతి ముక్కా చదివి, నమ్మి, అలాగే చేసిన మనిషిని మొదటిసారి చూశాను. ఆమె చెయ్యి కాలింది.

"మీరేం దాటెయ్యలేదండీ," అన్నాను. అంతవరకే వచ్చింది నోట్లోంచి. మెట్లు దిగుతూ రెండుసార్లు గోడ పట్టుకున్నాను. మెట్లు ఎత్తుగా ఉన్నాయని అనుకోబోయి ఆగాను.

జూలై 3, బుధవారం

పొద్దున దొరకి ఉత్తరం ఇచ్చాను. వరస మార్చింది నేను. గుర్తులు తీసేసింది నేను. కొత్తమ్మాయి ఒక రోజు అడిగితే వద్దన్నది నేను. అంతే. పదకొండుసార్లు రాశాను. మొదటి పదిట్లోనూ నా అనుభవం, గడువు ఒత్తిడి, పట్టిక లోపాలు ఉన్నాయి. అవి తీసేస్తే మిగిలింది ఇంతే.

దొర చదివి తలుపు వేసి వచ్చాడు. "ఇప్పుడెందుకండీ ఇది?"

"జరిగింది అదే కాబట్టి."

"ఆ మీటింగులోనే చెప్పుండాల్సింది. ఆ రోజు చెప్పుంటే పెట్టె ముందు కూర్చుని రాయడమే మంచిదని తేలిపోయేది. ఆ అమ్మాయి పద్ధతికే పోయేవాళ్లం. మీరేమో పరిశీలించాలి అన్నారు. మనుషులతో ఇంతేలే అని నేను మొన్న మర వాళ్లతో సంతకాలు పెట్టేశాను. ఇక వెనక్కి రాదు."

"ఆ కాగితం మీద కారణమైనా మార్చండి."

"మారుస్తాను. కానీ ఇది రికార్డులోకెక్కితే మీ విభాగం నెలాఖరుకి ఉండదు. ఆలోచించుకున్నారా?"

"మార్చండి," అన్నాను.

దొర ఈసారి గీతలేమీ చూపించలేదు. కొత్త కాగితం వచ్చి సంతకం పడేదాకా అక్కడే నిలబడ్డాను. ఎవరూ కూర్చోమనలేదు, అది సబబే.

జూలై 4, గురువారం

కొత్తమ్మాయికి ఫోను చేశాను. నాలుగోసారికి తీసింది.

"కాగితం మార్చారమ్మా. ఇంటికి పంపిస్తారు. ఉద్యోగం మాత్రం..."

"తెలుసు సార్. ఇంజనీరు గారు చెప్పారు."

"నేను చేసిన దానికి నన్ను..."

"అది తర్వాత సార్. మిగతా తొమ్మిది ఇళ్లలో వరస సరిచేశారా?"

పది రోజులపాటు తప్పు ఎవరిదో తేల్చుకున్నాం. మీటింగులు పెట్టుకున్నాం, ఒకరిని తీసేశాం, మరతో సంతకాలు చేశాం, బుట్ట కొన్నాం. నేనైతే మనస్సాక్షితో కుస్తీ పట్టి పదకొండు ఉత్తరాలు రాశాను. ఆ తొమ్మిది పెట్టెలూ తొమ్మిది ఇళ్లలో కూర్చుని నేను సర్దిన వరసే చూపిస్తున్నాయి.

"వాళ్లెవరూ తెర చదవరట కదమ్మా," అన్నాను.

"ఇవాళ్టిదాకా చదవలేదు సార్. రేపెవరైనా చదివితే?"

పై అంతస్తుకి పరిగెత్తాను. హెడ్‌ఫోను ముఖం తెల్లబోయింది. తెర మీద మార్చాలంటే ఇప్పుడు మర వాళ్ల అనుమతి కావాలట, రెండు వారాలు. పెట్టెలు వెనక్కి తెప్పించాలంటే దొర సంతకం. దొర ఊళ్లో లేడు. తొమ్మిది ఫోను నంబర్లూ తిప్పితే ముగ్గురు ఎత్తారు, ఇద్దరు సరేనని పెట్టేశారు, ఒకాయన ఏ పెట్టె అన్నాడు. అడ్రసులు రాసివ్వమని హెడ్‌ఫోనుని అడిగాను. మందపాటి అట్ట కొని, లావు పెన్నుతో తొమ్మిది ముక్కల మీద రాశాను. ఎర్ర దీపం ఆరేదాకా మూత ముట్టుకోవద్దు. జిగురు సీసా జేబులో వేసుకున్నాను.

బస్టాపు దగ్గర కొత్తమ్మాయి నిలబడి ఉంది. రమ్మని నేను అడగలేదు, హెడ్‌ఫోను చెప్పి ఉంటాడు. ఆమెకి ఇప్పుడు కంపెనీతో సంబంధం లేదు. అట్టలు లెక్కపెట్టి ఐదు తీసుకుంది, నాకు నాలుగు వదిలింది.

"అతికించి వచ్చెయ్యకండి సార్," అంది. "ఒకసారి వాళ్లచేత చేయించి, పక్కనే నిలబడి చూడండి."

"సరే," అన్నాను.

ఆమె బస్సు ముందు వచ్చింది. ఎక్కింది. వెనక్కి చూడలేదు.

మొదటి ఇంట్లో ఒక పెద్దాయన దగ్గుకుంటూ వచ్చి తలుపు సగమే తీశాడు. వెనక బల్ల మీద పెట్టె కనపడుతోంది. ఇన్నాళ్లూ నేను చూడనన్న పెట్టె. తెర వెలుగుతోంది, ఎర్ర దీపం కూడా.

"ఎవరండీ మీరు?" అన్నాడు.

నా పేరు, హోదా, ఇరవై రెండేళ్లూ నోటిదాకా వచ్చాయి. మింగేశాను.

"ఆ తెర మీద ఉన్నవి రాసినవాణ్ణండీ. తప్పు రాశాను. ముందా మూత ముట్టుకోకండి."